జీనులో కనిపించని మేకు: ఎన్నిక, కొనుగోలు, కొట్టే తీరు

అందరికీ నమస్కారం.

బల్ల మీద ఉన్న ఈ చట్రాన్ని ఒక్కొక్కరూ చేత్తో పట్టుకుని చూసి పక్కవాళ్ళకి అందించండి. ఇది ఇంగ్లీషు పద్ధతి జీను, పై తోలంతా ఒలిచేశాం. పలచని బీచ్ చెక్క పొరల్ని అచ్చులో పెట్టి, జిగురుతో అతికించి చేసిన చట్రం. ముందెత్తు దగ్గర ఉక్కు పట్టీ ఉంది. ముందు నుంచి వెనకెత్తు దాకా రెండు స్ప్రింగు స్టీలు బద్దలు పోతున్నాయి. రికాబు పట్టీ తగిలించే ఇనుప కడ్డీలు రెండు వైపులా రివెట్లతో బిగించి ఉన్నాయి. ఇప్పుడు వెనకెత్తు అంచు పట్టుకుని చూడండి. చెక్కలో వరసగా నల్లటి మచ్చలు, ఒక్కో మచ్చ మధ్యలో ఒక చిన్న గుంట. అవన్నీ ఒకప్పుడు మేకులు. తుప్పు పట్టి తలలు ఊడిపోయాయి, నవారు సడలిపోయింది, కూర్చునే చోటు కుంగిపోయింది. పై తోలు మాత్రం ఇంకా పదేళ్ళు వచ్చేలా ఉంది.

జీను కొనేవాళ్ళు, చాలామంది చేసేవాళ్ళు కూడా, బయట మెరిసే గుబ్బ మేకుకి డబ్బు పెడతారు. లోపల దాక్కునే మేకు దగ్గర పొదుపు చేస్తారు. బరువంతా మోసేది లోపలిదే. అందుకే ఇవాళ ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

మేకు ఎన్నుకునేటప్పుడు మూడు విషయాలు చూసుకోవాలి. లాగుడు ఏ దిక్కున వస్తుంది? దాన్ని మళ్ళీ ఎప్పుడైనా ఊడదీయాల్సి ఉంటుందా? చెమట, తోలు, చెక్క, ఈ మూడింటి మధ్య ఆ లోహం ఎన్నాళ్ళు నిలుస్తుంది? పొడవు, తల సైజు ఆ తర్వాత వచ్చే లెక్కలే.

మొదట లాగుడు సంగతి. మేకుని తల పట్టుకుని నిలువుగా పైకి లాగితే అది సులువుగా వచ్చేస్తుంది. అడ్డంగా లాగితే చెక్క దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. జీనులో నవారు వేసే పద్ధతంతా దీని మీదే నడుస్తుంది. నవారు చట్రం అంచు మీదుగా వంపు తిరిగి వచ్చి, ఆ తర్వాత మేకు కిందకి రావాలి. అప్పుడు మనిషి బరువు మేకుని పక్కకి లాగుతుంది గాని పైకి పెకలించదు. కడుపు పట్టీ తగిలించే పట్టీలు కూడా అంతే. వాటిని చట్రం మీదుగా అడ్డంగా పోయే నవారుకి కుట్టాలి, ఆ నవారు రెండు వైపులా చెక్కని చుట్టుకుని మేకుల కిందకి చేరాలి. ఎక్కడైనా మేకు నేరుగా నిలువు లాగుడు మోస్తోందంటే తప్పు మేకుది కాదు, అమరికది. పెద్ద మేకు కొట్టినంత మాత్రాన అది సరికాదు. ఇక రికాబు కడ్డీలంటారా, అక్కడ మేకులకీ స్క్రూలకీ చోటు లేదు, రివెట్లే వేయాలి. గుర్రం మీద ఉన్న మనిషి ఒంటి బరువంతా ఒక్క కాలి మీద నిలబడే చోటది.

ఇప్పుడు రకాలు చూద్దాం. ఈ పళ్ళెంలో ముందు వరసలో ఉన్నవి కోత మేకులు, వ్యాపారంలో కట్ ట్యాక్స్ అంటారు. స్టీలు రేకు నుంచి కోసి చేస్తారు కాబట్టి వాటి కాడ గుండ్రంగా ఉండదు. పలకగా ఉండి, కిందకి సన్నబడుతూ సూదిలా ముగుస్తుంది. అందుకే ఒక్క దెబ్బకి చెక్కలో నిలబడుతుంది, అవసరమైనప్పుడు చెక్క చీలకుండా బయటికి కూడా వస్తుంది. ఇంగ్లండు లెక్కలో వీటిలో రెండు తరగతులున్నాయి. కాడ సన్నగా, తల చిన్నగా ఉంటే ఫైన్. కాడ లావుగా, తల వెడల్పుగా ఉంటే ఇంప్రూవ్డ్. నవారుకి ఇంప్రూవ్డ్ వాడాలి, ఎందుకంటే వెడల్పు తల నేత పోగుల్ని ఎక్కువ మేర నొక్కి పట్టుకుంటుంది. పలచని క్యాన్వాస్‌కి, ఉన్ని సెర్జికి, తోలు అంచుకి ఫైన్ చాలు.

అమెరికా సరుకు కొంటే పెట్టె మీద మిల్లీమీటర్లు ఉండవు, నంబరు ఉంటుంది. వెయ్యి మేకులు ఎన్ని ఔన్సులు తూగుతాయో అదే ఒకప్పుడు నంబరు. ఇప్పుడు ఆ బరువులు కచ్చితంగా కలవకపోయినా నంబరుకీ పొడవుకీ లంకె నిలిచిపోయింది. 3 నంబరు అంటే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, మన లెక్కలో తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. 4 నంబరు 11, 6 నంబరు 13, 8 నంబరు 14, 10 నంబరు 16 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉంటాయి. 6 నంబరు వెయ్యికి ఆరు ఔన్సులంటే 170 గ్రాములు. ఆ లెక్కన కిలోకి 5,800 పైచిలుకు రావాలి. మీరు కొన్న కిలోలో నాలుగు వేలే వచ్చాయంటే కాడ లావుగా ఉందన్నమాట, పలచని చట్రానికి అది పనికిరాదు. అందుకని కొనేముందు వంద మేకులు లెక్కపెట్టి తూకం వేయండి, రెండు నిమిషాల పని.

రెండో వరసలోవి ఉంగరాల మేకులు. కాడ చుట్టూ మెట్లు మెట్లుగా గీతలున్నాయి చూడండి. దిగేటప్పుడు చెక్క నారని పక్కకి తోస్తాయి, దిగాక ఆ నార మెట్లలోకి తిరిగి జారి పట్టుకుంటుంది. వెస్టర్న్ జీను, అంటే అమెరికా కౌబాయ్‌ల పద్ధతి జీను, చేసేవాళ్ళకి ఇవి ప్రాణం. ఆ చట్రం మెత్తటి చెక్కతో చేసి, పైన పచ్చితోలు తొడిగి ఆరబెట్టింది. దాని మీద కూర్చునే ఆకారాన్ని గాల్వనైజ్డ్ రేకుతోనూ తోలు పొరలతోనూ కడతారు. ఆ పొరలు మళ్ళీ ఊడదీసేవి కావు కాబట్టి ఉంగరాల మేకు అక్కడ సరైనది. అదే మేకుని ఇంగ్లీషు జీనులో ప్యానెల్ దగ్గర, అంటే చట్రం అడుగున గుర్రం వీపుకి ఆనే ఉన్ని మెత్త దగ్గర, కొట్టారనుకోండి, ఉన్ని మళ్ళీ నింపడానికి విప్పే రోజున చట్రం చెక్క ముక్కలు ముక్కలుగా ఊడి వస్తుంది. విప్పాల్సిన చోట నున్నటి మేకు వేయండి, లేదా స్క్రూ. ఎప్పటికీ విప్పని చోట ఉంగరాల మేకు. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్ల మరమ్మతుకి వచ్చే చట్రాలు కొన్ని బాగుచేయడానికి వీల్లేకుండా పోతాయి.

ఇక లోహం. నేను ఎక్కువసేపు నిలబడేది ఇక్కడే.

మామూలు నీలి మేకుని తీసుకుందాం. స్టీలుని వేడి చేస్తే పైన ఏర్పడే పలచని పొర ఆ నీలం రంగు. కుర్చీలు, సోఫాలు చేసేవాళ్ళు ఈ మేకుల్ని గుప్పెడు నోట్లో వేసుకుని ఒక్కొక్కటే నాలుకతో బయటికి తెచ్చేవారు. వాళ్ళకోసమే వేడిచేసి శుద్ధి చేసిన మేకులు అమ్మేవారు. మీరెవరూ ఆ పని చేయకండి. జింకు పూత ఉన్నవి, ఎక్కడ తయారయ్యాయో తెలియనివి నోట్లో పెట్టుకోకూడదు. అయస్కాంతం ముఖం ఉన్న సుత్తి ఒకటి కొనుక్కోండి. ఒక ముఖం మేకుని పట్టి మొదటి దెబ్బకి నిలబెడుతుంది, తిప్పి రెండో ముఖంతో దింపేయొచ్చు. అమెరికాలో 1826 నుంచి ఉన్న ఆస్బర్న్ కంపెనీ సుత్తులు ఈ పనికి పేరున్నవే.

నీలి పొర పొడి గదిలో ఉన్న సోఫాకి సరిపోతుంది, జీనుకి సరిపోదు. గుర్రం చెమటలో మన చెమట కంటే ఉప్పు ఎక్కువ. ఆ ఉప్పు నీరు ఉన్నిలోకి, సెర్జిలోకి, నవారులోకి ఇంకి మేకు దాకా చేరుతుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో జీను పూర్తిగా ఆరేదే ఉండదు. దానికి తోడు మనం వాడే తోలు. చెట్టు బెరడుతో పదును పెట్టిన తోలులో టానిన్ ఉంటుంది. మన వైపు తంగేడు బెరడు, కరక్కాయ. కాన్పూరు జీను తోలుకి నల్లతుమ్మ బెరడు. ఇనుముకీ టానిన్‌కీ తడి తగిలితే నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ రసంలో ముంచిన బట్ట మీద, బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ఊరబెట్టిన ద్రవంతో గీస్తే గీత నల్లబడుతుంది కదా, మేకు చుట్టూ జరిగేదీ అదే. మచ్చ అందం చెడగొట్టడంతో ఆగితే పరవాలేదు. కరిగిన ఇనుము తోలు నారలో, చెక్కలో చేరి, తోలుని పెళుసుగా, చెక్కని మెత్తగా మార్చేస్తుంది. అందుకే మేకు చుట్టూ తోలు పొడి పొడిగా రాలుతుంది. మేకు మార్చినా అక్కడ పట్టు దొరకదు.

కాబట్టి జీనులో నీలి మేకు వాడాలంటే తోలుకి, చెమటకి దూరంగా, మార్చే అవకాశం ఉన్న చోట మాత్రమే వాడండి. తాత్కాలికంగా పట్టి ఉంచడానికి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

జింకు పూత మేకులు రెండు రకాలు. కరెంటు పూత పలచగా, మెరుస్తూ ఉంటుంది. సుత్తి దెబ్బ తగిలిన తల మీద మొదట అదే పోతుంది. కరిగిన జింకులో ముంచి తీసిన పూత మందంగా, బూడిద రంగులో, గరుకుగా ఉంటుంది, ఎక్కువ కాలం ఆగుతుంది. జింకు ఉన్నంత కాలం తోలులో నలుపు రాదు. చౌకలో పని కావాలంటే ముంచిన పూతదే తీసుకోండి. కానీ గరుకు తల పలచని నవారు పోగుల్ని కోస్తుంది కాబట్టి కింద చిన్న తోలు ముక్క వేసి కొట్టండి.

స్టెయిన్‌లెస్ స్టీలు నా మొదటి ఎన్నిక. 304 రకం మన లోపలి ఊళ్ళకి చాలు, సముద్రం పక్కన 316 మంచిది. దాని ఇబ్బంది ధరే. స్టెయిన్‌లెస్ కోత మేకులు దొరకడం కష్టం, ఎక్కువగా తీగతో చేసిన సన్నని మేకులు, ఉంగరాల మేకులే దొరుకుతాయి. తల చిన్నదైతే నవారు మీద తోలు వాషరు వేసి కొట్టాలి.

ఇప్పుడు ఇత్తడి. ఇత్తడి తుప్పు పట్టదు కాబట్టి జీనుకి అదే ఉత్తమం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇక్కడ రెండు జాగ్రత్తలు తెలియాలి. మొదటిది, తోలుకి పట్టించిన కొవ్వుతో రాగి కలిసి ఆకుపచ్చ మైనంలా తేలుతుంది. గుబ్బ మేకు కింద మీరు చూసే పచ్చ పెచ్చు అదే. తుడిస్తే పోతుంది, బలానికి పెద్ద నష్టం లేదు. రెండోది ప్రమాదకరం. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశంలోని సైన్యం వర్షాకాలంలో తూటాల్ని గుర్రపు శాలల్లో నిల్వ చేసేది. వర్షాలు తగ్గేసరికి ఇత్తడి గొట్టాలు పగిలి ఉండేవి. కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, చల్లగా ఒత్తి చేసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే ఇత్తడి చీలుతుంది. మన జీను ఎక్కడ ఉంటుందో ఆలోచించండి. అదే శాలలో, అదే వాసనలో. రేకుని చల్లగా ఒత్తి చేసిన గుబ్బ తలకీ అదే గతి. మీరు గుబ్బ మేకు కొట్టిన ఏడాదికి దాని తల అంచున వెంట్రుక లాంటి పగులు కనిపిస్తే కొట్టిన చెయ్యిని అనుమానించకండి.

దీనికి ఉపాయాలు ఉన్నాయి. జింకు శాతం 15 కంటే తక్కువ ఉన్న ఎర్రటి ఇత్తడిలో ఈ పగుళ్ళు బాగా తక్కువ. పసుపు ఇత్తడే కొనాల్సి వస్తే తయారీదారుని అడగండి, ఒత్తిన తర్వాత వేడి చేసి బిగువు తీశారా అని. 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచడం దీనికి మామూలు పద్ధతి. సమాధానం చెప్పలేని వ్యాపారి దగ్గర బరువు మోసే పనికి ఇత్తడి కొనకండి. పడవలకి వాడే సిలికాన్ కంచు ఉంగరాల మేకులు విదేశాల్లో దొరుకుతాయి, వెస్టర్న్ జీనుకి అవి చాలా మంచివి. గుర్రం మీద నుంచి జీను దించిన ప్రతిసారీ దాన్ని శాల బయట గాలి తగిలే గదిలో ఆరబెట్టడం మాత్రం అన్ని లోహాలకీ వర్తిస్తుంది.

మార్కెట్లో గుబ్బ మేకులని అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఇత్తడి పూత పూసిన ఇనుమే. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్ళండి. తల అంటుకుంటే పూత. తల అంటుకోకుండా కాడ మాత్రమే అంటుకుంటే ఇనుప కాడకి ఇత్తడి టోపీ నొక్కి తొడిగారన్నమాట. ఆ టోపీ కొన్నాళ్ళకి ఊడిపోతుంది, రెండు లోహాల మధ్య తడి చేరి ఇనుప కాడ ముందే తినుకుపోతుంది. ముందెత్తు పక్కన పై చిన్న ఫ్లాపుని, అంటే తోలు రెక్కని, పట్టే గుబ్బ మేకు, ఇంగ్లీషు జీనులో ఇటొకటి అటొకటి కనిపిస్తుంది చూడండి, అది అలంకారం కాదు, పట్టు ఉండాల్సిన చోటు. అక్కడ తల, కాడ ఒకే ముక్కగా ఉన్నదే వేయాలి. స్టెయిన్‌లెస్ విషయంలో అయస్కాంతం కొంచెం మోసం చేస్తుంది. 304 రకం కూడా చల్లగా సాగదీసినప్పుడు కొద్దిగా అంటుకుంటుంది. బలహీనంగా అంటుకుంటే కంగారు పడకండి, గట్టిగా అతుక్కుపోతేనే అనుమానించండి.

కొన్నాక మరో రెండు పరీక్షలు. పటకారుతో మేకుని సమకోణానికి వంచండి. మంచి మెత్తటి స్టీలు వంగుతుంది, పుటుక్కున విరిగితే ఆ పెట్టె వెనక్కి ఇచ్చేయండి. తర్వాత, లీటరు నీళ్ళలో 30 గ్రాముల ఉప్పు కలిపి, బెరడు పదును తోలు ముక్కని అందులో తడిపి, పది మేకులు దానికి గుచ్చి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి మూడు రోజులు ఉంచండి. నీలి మేకు మొదటి రోజే నల్లబడుతుంది. పలచని జింకు తెల్లటి పొడి వదిలి ఆ తర్వాత నల్లబడుతుంది. మంచి స్టెయిన్‌లెస్ చుట్టూ తోలు శుభ్రంగా ఉంటుంది. పెట్టె మీద రాసిన మాట కంటే ఈ ముక్క చెప్పేదే నమ్మండి.

పొడవు లెక్క ఒక ఉదాహరణతో చూద్దాం. నవారు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం అనుకోండి, మడత వేస్తే మూడు. కింద తోలు ముక్క రెండు మిల్లీమీటర్లు. మొత్తం ఐదు. చట్రం చెక్క ఆ చోట పది ఉందనుకుంటే, 13 మిల్లీమీటర్ల మేకు చెక్కలో ఎనిమిది దిగుతుంది, అవతల రెండు మిగులుతుంది. అది సరిపోయే లెక్క. 16 కొడితే మొన అవతలికి తేలి, ప్యానెల్లోంచి గుర్రం వీపుకి గుచ్చుకుంటుంది. చట్రం అన్నిచోట్లా ఒకే మందం ఉండదు, అందుకని కాలిపర్‌తో కొలిచి పెన్సిలుతో చట్రం మీదే రాసుకోండి. ఏదైనా మొన తేలితే ఆకురాయితో రుద్ది ఊరుకోకండి, తీసేసి పొట్టిది కొట్టండి. రుద్దిన మొన పూత పోయి అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

నవారు కొట్టే తీరు. ఒక చివర రెండున్నర సెంటీమీటర్లు మడిచి, ఐదు మేకులు, మూడు ఒక వరసలో, రెండు వాటి మధ్య కాస్త ముందుకి, కొట్టండి. ఒకే వరసలో ఐదూ కొడితే ప్లైవుడ్ పొర ఆ గీత వెంబడి చీలుతుంది. రెండో చివర బిగించి లాగి, మడవకుండా మూడు కొట్టి, మిగతాది కత్తిరించి, వెనక్కి మడిచి ఇంకో రెండు. అంటే నవారుకి పది. కొత్త నవారుని కొట్టేముందే ఒకసారి బిగించి సాగదీయాలి, లేకపోతే మొదటి నెలలోనే సడలుతుంది, మేకు ఎంత మంచిదైనా ఉపయోగం ఉండదు. తల నవారు మీద ఆనితే చాలు. ఇంకో దెబ్బ వేశారంటే తల అంచు పోగుల్ని కోస్తుంది. పక్కకి ఒరిగిన తల కూడా అంతే, ఒక అంచుతో నవారుని కోస్తూ ఉంటుంది. ఒరిగిన మేకుని సరిచేయాలని పక్క నుంచి కొట్టకండి, తీసి కొత్తది వేయండి. ప్లైవుడ్ అంచు మందంలోకి, అంటే పొరల మధ్యకి, ఎప్పుడూ కొట్టకూడదు. ఇత్తడి, కంచు మేకులు గట్టి చెక్కలో వంగిపోతాయి కాబట్టి కాడ మందంలో ముప్పాతిక వంతు ఉండే సన్నని రంధ్రం ముందు వేసి, మొనకి కొద్దిగా తేనె మైనం రాయండి.

సరుకు ఎక్కడ దొరుకుతుంది? బూట్లు, చెప్పుల సామాను అమ్మే హోల్‌సేల్ దుకాణాల్లో 10 నుంచి 16 మిల్లీమీటర్ల నీలి మేకులు సులువుగా దొరుకుతాయి. జీను సామాను మొత్తం ఒకచోట కావాలంటే కాన్పూరు. పందొమ్మిదో శతాబ్దంలో సైన్యం కోసం జీను ఫ్యాక్టరీ అక్కడ వెలిసినప్పటి నుంచి ఆ పని నడుస్తోంది, కాన్పూరు జీనుకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గుబ్బ మేకులు, రికాబు కడ్డీలు, నవారు అక్కడి నుంచి తెప్పించుకోవచ్చు. ఇంగ్లండులో వాల్సాల్ ఈ పనికి పుట్టిల్లు లాంటిది, ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టుని కూడా జీను పనివాళ్ళు అనే పిలుస్తారు. ఇంగ్లీషు కొలతల్లో కచ్చితమైన జీను మేకులు కావాలంటే అటు వైపు చూడండి. స్టెయిన్‌లెస్ ఉంగరాల మేకుల్ని జీను దుకాణంలో వెతక్కండి, పడవల, ఇళ్ళ చెక్కపని సామాను అమ్మేచోట అడగండి. ఎక్కడ కొన్నా ముందు వంద గ్రాములే తెప్పించి పరీక్షించి, తర్వాత కిలోల లెక్కన తీసుకోండి. ఒకే ఏడాదికి సరిపడా కొనండి, ఎందుకంటే తర్వాత వచ్చే పెట్టె తల కొలత మారిపోయి ఉండొచ్చు.

ప్రశ్నలకి సమయం ఉంది, అడగండి.

(సభ నుంచి: ఫ్యాక్టరీల్లో గాలి తుపాకీతో స్టేపుల్ కొడుతున్నారు కదండీ, మనం ఎందుకు కొట్టకూడదు?)

కొట్టొచ్చు, ఎక్కడ అన్నదే ముఖ్యం. ఫోమ్, సెర్జి, పలచని గుడ్డ పట్టి ఉంచడానికి స్టెయిన్‌లెస్ స్టేపుల్ బాగుంటుంది, పని త్వరగా అవుతుంది. నవారుకి మాత్రం వద్దు. సన్నని తీగ రెండు కాళ్ళ మధ్య నవారుని ఒకే గీతలో నొక్కుతుంది, ఆ గీత దగ్గరే పోగులు తెగుతాయి. గాలి ఒత్తిడి కొంచెం ఎక్కువైతే స్టేపుల్ నవారులోంచే దూసుకుపోతుంది, అది పై తోలు వేశాక మీకు తెలియదు.

(సభ నుంచి: ఇలాంటి పాత చట్రంలో నల్లటి గుంటల్లోనే మళ్ళీ కొట్టొచ్చాండీ?)

అదే గుంటలో పొడుగు మేకు కొట్టడం అందరూ చేసేదే, అదే తప్పు. చుట్టూ చెక్క ఇనుముతో మెత్తబడి ఉంది, పొడుగు మేకు కింద మిగిలిన పొరని కూడా చీలుస్తుంది. ముందు విరిగిన మేకు ముక్కలన్నీ తీయండి. చీల ఊడదీసే ఉలిని చెక్క నార వెంబడి పెట్టి చెక్క సుత్తితో తట్టాలి, నారకి అడ్డంగా కాదు. నల్లబడ్డ చెక్కని సన్నని డ్రిల్లుతో గట్టి చెక్క తగిలేదాకా తొలిచి, గట్టి కర్ర పుల్ల జిగురుతో దిగ్గొట్టి, 24 గంటలు ఆరనిచ్చి, అంచుకి సమంగా కోయండి. కొత్త మేకు ఆ పుల్లలో కాకుండా పక్కన మంచి చెక్కలో, పాత వరసకి ఒక సెంటీమీటరు తప్పించి కొట్టండి. గుంటలు కలిసిపోయి అంచు పొడవునా చెక్క మెత్తగా ఉంటే, గోరుతో నొక్కితే దిగుతుంటే, ఆ చట్రానికి మేకు వెతకడం మానేసి కొత్త చట్రం తెప్పించండి.